గోడ మీద లేని కార్డు

మా తెనాలి ఆఫీసులో కంప్లైంట్ల ఫోను ఎత్తే మనిషిని నేను. పేరు సుశీల. తెనాలి, బాపట్ల, రేపల్లె - ఈ మూడు ఊళ్ళలో మా నెట్ కనెక్షన్ ఉన్నవాళ్ళు, నెట్ రాకపోతే మొదట తిట్టేది నన్నే. పదకొండేళ్ళుగా నా ఉద్యోగం అదే. ఫోను దగ్గర కూర్చునేదానికి ఏం తెలుస్తుందిలే అనుకునేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. నాకు తెలుసు. ప్యాకెట్, అంటే బొమ్మనో మాటనో తునకలు చేసి నెట్లో పంపే పొట్లం, ఇక్కణ్ణుంచి రేపల్లెకి ఎలా వెళుతుందో, దారిలో ఎక్కడెక్కడ ఆగుతుందో మా ఆఫీసు ఇంజనీరు ఝాన్సీలక్ష్మి నాకు ఓపిగ్గా నేర్పింది. ఇది ఆమె గురించి. పొగడడానికి రాయడం లేదు, పొగిడితే ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఆమె ఒక తప్పు చేసింది. అందులో నాకూ వాటా ఉంది. అందుకని రాస్తున్నాను.

ఝాన్సీది పొన్నూరు. వాళ్ళ నాన్న రాఘవయ్య గారు అక్కడ ఒక రైస్ మిల్లులో మెకానిక్. బడి అయిపోగానే ఈమె సంచీతో సహా మిల్లుకే వెళ్ళి కూర్చునేది. గోతిలో ధాన్యం పోస్తే కప్పుల ఎలివేటర్ పైకి లాగి జల్లెడలో పోస్తుంది. అక్కడ గడ్డీ గాదం పోతాయి. తర్వాతి మిషన్లో రాళ్ళు పోతాయి, దాని తర్వాతి దానిలో పొట్టు, ఆఖరున పాలిష్. ఒక్కో మిషన్ మధ్య ఒక్కో తొట్టి ఉంటుంది. ముందు మిషన్ కాసేపు ఆగినా తొట్టి నిండేదాకా వెనకది నడుస్తూనే ఉంటుంది. రాఘవయ్య గారు కూతురికి నేర్పిన చదువంతా ఒకే మాటలో ఉంది.

"ఒక మిషను ఒక్క పనే చెయ్యాలమ్మా. రెండు పనులు చేసేదాన్ని తెచ్చుకున్నావనుకో, చెడినప్పుడు ఏ పని చెడిందో దేవుడిక్కూడా తెలీదు."

ఆమె బాపట్లలో ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో మూడేళ్ళు పెద్ద రౌటర్లకు ప్రోగ్రాములు రాసే కంపెనీలో పనిచేసింది. రౌటరంటే, వచ్చిన ప్రతి ప్యాకెట్ మీదా అడ్రసు చూసి ఎటు పంపాలో అటు పంపే యంత్రం. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే బల్లలాంటిది. ఆ కంపెనీ ప్రోగ్రాము మొత్తం ఒకే ముద్దగా ఉండేదట. ఈ మూల మేకు కొడితే ఆ మూల పెంకు రాలిపడేదట. ఎందుకు రాలిందో వెతకడానికే నెలలు పట్టేదట. విసిగిపోయింది. అంగలకుదురు సంబంధం కుదిరాక, భర్త విత్తనాల కొట్టు తెనాల్లోనే కాబట్టి ఇటు వచ్చేసి మా ఆఫీసులో చేరింది.

మా యజమాని సాంబశివరావు గారు మేడ మీద డిష్ పెట్టి కేబుల్ టీవీతో మొదలుపెట్టిన మనిషి. అప్పట్లో మూడు ఊళ్ళలోనూ కొనుక్కొచ్చిన రౌటర్లే ఉండేవి. చిన్న మార్పు కావాలన్నా ఆ అమ్మినవాళ్ళకి రాయడం, నెలకి గానీ జవాబు రాకపోవడం, ఈలోపు నా చెవులు చిల్లులు పడడం. ఝాన్సీ వచ్చిన ఏడాదే ఆయన దగ్గరికి వెళ్ళి, "మూడు మామూలు కంప్యూటర్లు కొనివ్వండి బాబాయ్ గారూ, ప్రోగ్రాం నేను రాస్తాను" అంది. వరసకి బాబాయ్ ఏమీ కాదు. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే.

తొమ్మిది నెలల్లో రాసింది. ఆమె రౌటర్ అచ్చం వాళ్ళ నాన్న మిల్లే. ఒక ముద్ద కాదు, చిన్న చిన్న ముక్కలు. ఒక ముక్క ప్యాకెట్ సరిగ్గా ఉందో లేదో చూస్తుంది. ఇంకోటి అడ్రసు చదువుతుంది. ఇంకోటి వరసలో నిలబెడుతుంది. ప్రతి ముక్కకీ లోపలికి ఒక నోరు, బయటికి ఒక నోరు. ఏ నోటిని ఏ నోటికి కలపాలో ఒక కాగితమంత ఫైల్లో ఉంటుంది. ఒక ముక్కని తీసెయ్యాలన్నా కొత్తది పెట్టాలన్నా ఆ ఫైల్లో ఒకటి రెండు లైన్లు మారిస్తే చాలు, మిగతావాటిని ముట్టుకోనక్కర్లేదు.

దీనికామె ఒక పద్ధతి పెట్టింది. ప్రతి ముక్కకీ ఒక అట్ట కార్డు. దాని మీద మూడు లైన్లు: తీసుకునేది, చేసేది, ఇచ్చేది. అన్నీ తెలుగులో, చేత్తో రాసినవి. వాటిని నా కుర్చీ ఎదురుగా గోడకి అంటించేది. అంటించే ముందు నా చేత చదివించేది. నేను బీకాం. నాకు అర్థం కాకపోతే కార్డు వెనక్కి వెళ్ళిపోవాల్సిందే.

ఒకసారి ఒక కార్డు తెచ్చింది. చేసేది: ప్యాకెట్ మీదున్న ఆయుష్షు అంకెలో ఒకటి తగ్గించడం, సున్నా అయితే పారెయ్యడం.

"పాపం, పారెయ్యడం ఎందుకే?" అన్నాను.

"దారి తప్పిన ప్యాకెట్టు చావకుండా మూడూళ్ళూ తిరుగుతా ఉంటదక్కా. రోడ్డంతా అవే నిండిపోతాయి."

"అది సరే. తగ్గించడం ఒక పని, పారెయ్యడం ఒక పని. మీ నాన్న ఒప్పుకుంటాడా?"

ఆమె ఆ కార్డు చింపి, రెండు కార్డులు రాసుకొచ్చింది. అలా ఇరవై రెండు ముక్కలు ఇరవై మూడయ్యాయి. ఆ ఇరవై మూడోది పుట్టింది నా వల్లే. ఇది ఎవరు వచ్చినా చెప్పుకుంటాను. కార్డు లేని ముక్క రౌటర్లో ఉండకూడదు, ముక్క లేని కార్డు గోడ మీద ఉండకూడదు అన్నది ఆమె రూలు. ఎప్పుడు ఏది చెడినా గోడ ముందు నిలబడి వేలు పెట్టి చూపించేది. పది నిమిషాల్లో బాగయ్యేది. నాకు తిట్లు సగానికి సగం తగ్గాయి.

ఇక జార్జి సంగతి. జార్జి మా రేపల్లె ఆఫీసులో లైన్ మన్. స్తంభాలెక్కి వైర్లు లాగడంలో అతన్ని మించినవాడు లేడు. అతని కూతురు దీప్తికి పన్నెండేళ్ళు. పుట్టుకతోనే వినపడదు. బాపట్లలో చెవిటి పిల్లల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రోజు విడిచి రోజు సాయంత్రం ఏడున్నరకి హాస్టల్ వాళ్ళు పిల్లలకు వంతులవారీగా టాబ్ ఇస్తారు. పది నిమిషాలు. ఇంటికి వీడియో కాల్ చేసుకుని చేతులతో మాట్లాడుకోవాలి. మనకైతే బొమ్మ ఆగినా గొంతు వినిపిస్తుంది, ఎలాగో సర్దుకుంటాం. వాళ్ళకి బొమ్మ ఆగితే మాటే లేదు.

పోయిన ఏడాది దసరా తర్వాత కేబుల్ చుట్టల కోసం జార్జి తెనాలి వచ్చాడు. అన్నీ ఆటోలో ఎక్కించాక కూడా వెళ్ళకుండా నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

"ఏంటి జార్జీ?"

"ఏం లేదండి సుశీలమ్మ గారూ. మా పాప ఫోను చెయ్యడం మానేసిందండి."

విషయం మెల్లగా చెప్పాడు. రెండు మూడు నెలలుగా కాల్ వస్తే దీప్తి బొమ్మ చెయ్యెత్తి ఎత్తినట్టే బిగుసుకుపోతోంది. చిత్రమేంటంటే, జార్జి ఇంటి నుంచి వెళ్ళే బొమ్మకి ఏ అడ్డూ లేదు. ఆ పిల్లకి నాన్న చక్కగా కనిపిస్తున్నాడు. తాను చేతులాడించి ఏదేదో చెబుతుంటే నాన్న గుడ్లప్పగించి చూస్తున్నాడే తప్ప జవాబివ్వడం లేదు. కనపడట్లేదమ్మా అని ఇతను సైగ చేస్తే ఆ పిల్ల నమ్మలేదు. దసరాకి ఇంటికొచ్చినప్పుడు మొహం మీదే అడిగిందట. నెట్ మనిషివి నువ్వు, నీకే నెట్ లేదా, నా మాటలు నీకు అక్కర్లేదా అని.

"ఇంటి లైను రెండుసార్లు మార్చానండి. కనెక్టర్ మార్చాను, బాక్సు మార్చాను. నా పన్లోనే ఎక్కడో లోపం ఉందండి, దొరకట్లేదు" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. నేను గట్టిదాన్నే, కానీ అంత గట్టిదాన్ని కాను.

ఝాన్సీని పిలిచాను. ఆమె మొత్తం విని, సాయంత్రం ఏడున్నరకి నన్ను కూడా కూర్చోబెట్టుకుని చూసింది. ముక్కకీ ముక్కకీ మధ్య లెక్కపెట్టే ఏర్పాటు ఆమె ముందే పెట్టుకుంది. మిల్లులో రాఘవయ్య గారు ప్రతి మిషన్ దగ్గరా చిన్న తలుపు తీసి గుప్పెడు గింజలు పట్టి చూసినట్టు, ఆమె వరసగా చూస్తూ పోయింది. ఒక ప్యాకెట్ల కట్ట జార్జి ఇంటికి బయల్దేరేలా చేసింది. మొదటి ముక్కలో వంద. రెండో దానిలో వంద. అడ్రసు చదివేదానిలో వంద. దాని తర్వాత, రేపల్లె లైనులోకి వదిలే ముక్కలో ముప్పై ఒకటి.

"రెంటి మధ్యా ఏముంది?" అని గోడ వంక చూశాను. ఆ రెండు కార్డులూ పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో ఇంకేం లేదు.

ఝాన్సీ కుర్చీ వెనక్కి జరిపి లేచింది. మొహం పాలిపోయింది. సంచీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు టీ తాగుతూ చెప్పింది. నాలుగేళ్ళ క్రితం సాంబశివరావు గారి వియ్యంకుడు బాపట్లలో గృహప్రవేశం చేశాడు. అందరి ముందూ, మీ వియ్యపువారి నెట్ నత్తలాగుందే అని ఎవరో అన్నారు. ఈయనకి తల కొట్టేసినట్టయింది. మర్నాడే, "అమ్మాయ్, మాట పోతుందే, ఆ ఒక్క ఇంటికీ ఏదన్నా చూడు" అన్నారు. బాబాయ్ గారూ అని పిలిచాక కాదనడం ఎలా? పది నిమిషాల్లో ఒక ముక్క రాసి మధ్యలో ఇరికించింది. ఒక ఫైల్లో ఎవరి పేర్లుంటే వాళ్ళ ప్యాకెట్లు ముందు వెళ్ళిపోతాయి. వాళ్ళవన్నీ అయ్యాక, లైనులో చోటు మిగిలితే మిగతావాళ్ళవి. ఆ ముక్కకి పేరు 'మనవాళ్ళు'. దానికి మాత్రం కార్డు రాయలేదు. నా చేత చదివించాలంటే సిగ్గేసిందట.

మొదట ఒక్క పేరు. తర్వాత వియ్యంకుడి అన్న. తర్వాత కౌన్సిలర్, డాక్టరు, గుడి ధర్మకర్త. పెళ్ళిలో పెద్దవాళ్ళని మొదటి పంక్తిలో కూర్చోబెట్టడం మనకు అలవాటే కదా. ఎవరో ఒకరు బాబాయ్ గారిని అడగడం, ఆయన మొహమాటంతో సరేననడం, ఈమె మొహమాటంతో రాయడం. అంగలకుదురులో ఝాన్సీ అత్తగారిల్లు కూడా అందులో ఉంది. ఇక సిగ్గు విడిచి చెప్పాల్సింది నేను. రేపల్లెలో మా తమ్ముడి ఇల్లూ ఉంది. "మావాడిల్లు కాస్త చూడవే" అని రెండేళ్ళ క్రితం నేనే అడిగాను. అది దేనిలో రాస్తోందో, దాని కోసం ఎవరు ఆగాలో నేను అడగలేదు.

మొత్తం మూడు వందల పన్నెండు పేర్లు. సగం పైగా రేపల్లె వైపే. సాయంత్రం వీళ్ళందరూ క్రికెట్టో సినిమానో పెట్టుకుంటే ఆ లైను అక్కడికే నిండిపోతుంది. లైనులోకి వదిలే ముక్క పేరు 'వంతు', దాని కార్డు గోడ మీద మొదట్నుంచీ ఉంది. చేసేది: ఇంటికొకటి చొప్పున వరసగా పంపడం. ఎంత న్యాయమైన ముక్కో అని నేనే మెచ్చుకున్నాను. దానికి చేరేది మొదటి పంక్తి తినగా మిగిలింది మాత్రమేనని నాకేం తెలుసు? నా కంప్లైంట్ల పుస్తకం తిరగేసి చూశాను. రేపల్లె నుంచి ఏడుకీ తొమ్మిదికీ మధ్య ఫోన్ చేసినవాళ్ళలో 'మనవాళ్ళు' ఒక్కరూ లేరు. నాలుగేళ్ళుగా అది నా చేతిరాతతోనే ఉంది, నేను చూడలేదు.

సాంబశివరావు గారికి చెబితే ఆయన చిటికెలో తేల్చేశారు. "దానికేముందమ్మాయ్? జార్జి పేరు కూడా అందులో రాసెయ్. మనవాడే గదా!"

ఝాన్సీ తల వంచుకుని రాసేసింది. మూడు వందల పదమూడు.

ఆ వారమే హాస్టల్ వార్డెన్ నచ్చచెబితే దీప్తి మళ్ళీ ఫోన్ చేసింది. బొమ్మ ఆగలేదు. జార్జి సంతోషంగా ఫోన్ చేస్తాడని నేను కాచుక్కూర్చున్నాను. మర్నాడు చేశాడు కానీ గొంతులో సంతోషం లేదు.

"బొమ్మ బాగుందండి. కానీ పాప నమ్మట్లేదండి. ఇన్నాళ్ళూ నెట్ బాగోలేదమ్మా, ఇప్పుడు బాగుచేశారు అన్నానండి. మరి స్నేహ వాళ్ళమ్మ ఇప్పుడూ పలకట్లేదే, వాళ్ళది మన వీధే గదా అందండి. స్నేహకీ వినపడదండి, హాస్టల్లో మా పాప పక్కమంచమేనండి. బాగుచేస్తే ఇద్దరిదీ బాగవ్వాలిగా, నువ్వు అబద్ధం చెబుతున్నావు నాన్నా అని కట్ చేసేసిందండి."

ఫోను స్పీకర్లో ఉంది. ఝాన్సీ విన్నది. ఈసారి ఆమె తల వంచుకోలేదు.

ఒక కార్డు తీసి రాసింది. తీసుకునేది: అందరి ప్యాకెట్లు. చేసేది: మనవాళ్ళవి ముందు పంపడం. ఇచ్చేది: మిగిలితే, మిగతావాళ్ళకి. నా చేతికిచ్చింది. చదివాను. అర్థమైంది. ఆమె దాన్ని నా ఎదురుగా ఉన్న గోడకి అంటించలేదు. బయట, కనెక్షన్ల కోసం వచ్చే జనం నిలబడే కౌంటర్ పక్కన అంటించింది.

గంటలో సాంబశివరావు గారు వచ్చారు. అప్పటికే రిటైర్డు మాస్టారొకాయన కళ్ళజోడు సర్దుకుని దాన్ని పైకి చదువుతున్నాడు. చదివి మా బాబాయ్ గారి వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగాడు.

"మనవాళ్ళంటే ఎవరండీ?"

బాబాయ్ గారు లోపలికి వచ్చి గొంతు తగ్గించి, "ఏంటమ్మాయ్ అది? చింపెయ్ ముందు" అన్నారు.

"కార్డు లేని ముక్క ఉండకూడదని మన రూలు బాబాయ్ గారూ. నాలుగేళ్ళు ఆలస్యంగా రాశాను."

"నలుగురూ చూస్తున్నారే!"

"ముక్క ఉన్నన్నాళ్ళూ కార్డు ఉంటది. కార్డు తియ్యాలంటే ముక్క తియ్యాలండి. మీరు వద్దంటే నేను మానేస్తాను, ఇంకోళ్ళని పెట్టుకోండి."

ఆమె పిల్లల ఫీజులు, భర్త కొట్టు అంతంతమాత్రంగా నడవడం, అన్నీ నాకు తెలుసు. బాబాయ్ గారు కౌంటర్ వైపు చూశారు. మాస్టారు జవాబు కోసం ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. బాబాయ్ గారు చెడ్డమనిషి కాదు, ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. రుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"పీకెయ్. వియ్యంకుడికి నేనే ఏదో చెప్పుకుంటా."

రెండు లైన్లు మార్చింది. మధ్య ముక్క తీసేసి ఈ నోటిని ఆ నోటికి కలిపింది. రెండు నిమిషాలు. మిగతా ఇరవై మూడు ముక్కల్లో దేన్నీ ముట్టుకోలేదు. అంత సులువుగా పోయేదాన్ని నాలుగేళ్ళు మోశామని తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఎక్కువ కోపం నా మీదే.

ఆ సాయంత్రం మా తమ్ముడు ఫోన్ చేశాడు. "ఏంటక్కా, మ్యాచ్ మధ్యలో బొమ్మ ఆగి చక్రం తిరుగుతా ఉంది?"

"కంప్లైంట్ రాసుకున్నానండి" అని పెట్టేశాను.

శనివారం ఝాన్సీ, నేను రేపల్లె రైలెక్కాం. ఆమె వెళ్తానంది, ఒక్కదాన్నే పంపబుద్ధి కాలేదు. జార్జి ఇంట్లో అతని భార్య టీ ఇచ్చింది. స్నేహ వాళ్ళమ్మ కూడా ఫోను చేత్తో పట్టుకుని అరుగు మీద కూర్చుంది. ముందు ఆవిడకే కాల్ వచ్చింది. ఆవిడ ఒక్క క్షణం బొమ్మ వంక చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత రెండు చేతులూ ఆగకుండా ఆడించింది.

తర్వాత దీప్తి. రెండు జడలు, పెద్ద కళ్ళు, మొహం ముడుచుకుని ఉంది. ఈ ఆడవాళ్ళెవరు అని అడిగింది. ఆ పిల్ల సైగలకి జార్జి మాకు అర్థం చెబుతూ వచ్చాడు.

"బొమ్మ ఆగింది నా వల్లేనని చెప్పు జార్జీ" అంది ఝాన్సీ.

అతను సైగలు చేశాడు. ఆ పిల్ల ముభావంగా తలూపింది. నాకు అనుమానం వచ్చింది.

"ఏం చెప్పావు నువ్వు?"

"లైను పాతదైపోయిందని చెప్పానండి" అన్నాడు నేల చూస్తూ. "మేడం గారి మీద పెడితే ఏం బాగుంటదండి?"

"ఈ మొహమాటంతోనే గదయ్యా ఇంత దూరం వచ్చింది!" అని ఝాన్సీ మొదటిసారి అతని మీద కేకలేసింది. వెంటనే గొంతు తగ్గించింది. "'తప్పు నాది, మీ నాన్నకి నువ్వు కనపడలేదు' అనాలి, ఇంతే. ఎలా చెప్పాలో నాకు చూపించు."

జార్జి చూపించాడు. ఆమె ఫోను ఎదురుగా కూర్చుని, చీర కొంగు భుజం మీద సర్దుకుని, చేతులెత్తి చేసింది. తడబడుతూ చేసింది. ఆ పిల్ల ఆమె చేతుల వంక చూసింది. వాళ్ళ నాన్న వంక చూసింది. నిజంగా నేను నీకు కనపడలేదా అని అడిగింది. జార్జి లేదని తలూపి ఏడ్చేశాడు. దీప్తి కూడా కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ఆ పిల్ల ఝాన్సీ వైపు వేలు చూపించి, కాదు అన్నట్టు తలూపింది. మీ చెయ్యి తప్పుగా పెట్టారంటోందండి అన్నాడు జార్జి. దీప్తి టాబ్‌ని దేనికో ఆనించి, మాకు కనపడేలా వెనక్కి జరిగి, 'తప్పు నాది' అని మెల్లగా చేసి చూపించింది. ఝాన్సీ చేసింది. కాదంది. ఇంకోసారి చూపించింది. మూడోసారికి ఝాన్సీకి వచ్చింది. అంతసేపూ ఆ పిల్ల చేతులు ఒక్కసారి కూడా ఆగకుండా మాకు కనపడుతూనే ఉన్నాయి.